పిల్లలున్న తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే పెన్షను, ఇల్లు, వాటా ఏమవుతాయి?

భర్త పోయిన అమ్మాయికి మళ్లీ ఒక తోడు చూడాలని పెద్దలే అనుకోవడం ఇప్పుడు మన కుటుంబాల్లో వింత కాదు. హోసూరైనా, బళ్లారైనా, షోలాపూరైనా, బరంపురమైనా, యానామైనా సంబంధం దాదాపు కుదిరాక మాట ఒకచోట ఆగిపోతుంది. "పెన్షను పోతుందేమో, ఇంట్లో వాటా పోతుందేమో, పిల్లల గతి ఏమిటి?" అన్న భయం అది. ఆ భయంతో కొందరు మంచి సంబంధం వదులుకుంటారు. మరికొందరు గుళ్లో తాళి కట్టించుకుని ఆ సంగతి ఆఫీసుకు తెలియనివ్వరు. రెండూ నష్టమే. ఏది పోతుంది, ఏది పోదు, ఏది పిల్లలకు మారుతుంది అన్నది విడివిడిగా చూద్దాం.

మొదటి భర్త ఆస్తి

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లికి ఆధారమైన 1856 నాటి చట్టం పునర్వివాహానికి అనుమతి ఇచ్చింది గాని, పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కును తీసేసింది. మన పెద్దల నోట ఇప్పటికీ వినిపించే మాట అదే. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా లేకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమానంగా వస్తుంది. భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటే నాలుగు వాటాలు. ఆయన పోయిన రోజునే భార్య వాటా ఆమె సొంతమైపోతుంది. తర్వాత ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ వాటా వెనక్కి పోదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది. "పెళ్లి చేసుకుంటున్నావు కదా, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టు" అని ఎవరైనా అడిగితే, చట్టప్రకారం ఆ అవసరం లేదు.

పిల్లల వాటా వేరు. మైనరు బిడ్డ పేర విడిగా ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మరాదు. మారుతండ్రికి సహజ సంరక్షకుడి హోదా లేదు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నా సంరక్షకురాలు ఆమే. ఒక తెలుగు కుటుంబపు కేసులో 2022లో సుప్రీంకోర్టు, తండ్రి పోయిన బిడ్డ ఇంటిపేరును నిర్ణయించే హక్కు కూడా తల్లికే ఉందని తేల్చింది.

కుటుంబ పెన్షను

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పోతే భార్యకు లేదా భర్తకు వచ్చే కుటుంబ పెన్షను, వారు బతికి ఉన్నంత కాలం లేదా మళ్లీ పెళ్లి చేసుకునే వరకు వస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది తర్వాతి మాట: తల్లికి ఆగిన పెన్షను పిల్లలకు మారుతుంది. అర్హత గల పిల్లల్లో పెద్దవారితో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరికి, 25 ఏళ్లు నిండే వరకు లేదా పెళ్లి లేదా సొంత సంపాదన వచ్చే వరకు ఇస్తారు. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు నియమాల మేరకు జీవితాంతం వస్తుంది. బిడ్డ మైనరైతే సంరక్షకురాలిగా తల్లే ఆ డబ్బు తీసుకుంటుంది. అంటే పెన్షను ఇంట్లోనే ఉంటుంది, పేరు మారుతుంది.

పిల్లలు లేని వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఆమె ఇతర ఆదాయం కనీస కుటుంబ పెన్షను (9,000 రూపాయలు, దానిపై కరువు భృతి) కంటే తక్కువగా ఉంటే పెన్షను కొనసాగుతుంది. కారుణ్య నియామకం కింద కేంద్ర ఉద్యోగం పొందిన వితంతువు పునర్వివాహం తర్వాత కూడా ఉద్యోగంలో ఉండవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు ఆయా రాష్ట్రాల నియమాలు వర్తిస్తాయి. పెన్షను మంజూరు చేసిన కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

పెళ్లి సంగతి దాచి పెన్షను తీసుకుంటే, బయటపడిన రోజున తీసుకున్నదంతా తిరిగి కట్టమంటారు. అబద్ధపు ధృవీకరణ ఇచ్చిన నేరం అదనం. పిల్లలకు న్యాయంగా రావలసిన దాన్ని తల్లి దొంగచాటుగా తీసుకున్నట్టవుతుంది.

ప్రావిడెంట్ ఫండు పెన్షను

మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసినవారి కుటుంబాలకు 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకం వర్తిస్తుంది. వితంతు పెన్షనుతో పాటు ఒకేసారి ఇద్దరు పిల్లలకు, ఒక్కొక్కరికి అందులో 25 శాతం, 25 ఏళ్లు నిండే వరకు వస్తుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పెన్షను ఆగి, పిల్లల పెన్షను 75 శాతానికి పెరుగుతుంది.

లెక్క చూడండి. వితంతు పెన్షను 2,000 అనుకుంటే, ఇద్దరు పిల్లలకు 500 చొప్పున కలిపి ఇంటికి 3,000 వస్తుంది. పెళ్లి తర్వాత పిల్లలకు 1,500 చొప్పున అదే 3,000. ఒక్క బిడ్డే ఉంటే 2,500 కాస్తా 1,500 అవుతుంది. అయితే ఈ మార్పు దానంతట అది జరగదు. పెళ్లి సంగతి తెలియజేసి, పిల్లల పేర దరఖాస్తు పెట్టాలి.

ప్రభుత్వ నెలసరి సాయాలు

పేద వితంతువులకు ఇచ్చే పెన్షను పునర్వివాహంతో ఆగుతుంది. ఇది పిల్లలకు మారదు. దీన్ని పోయే డబ్బు కిందే లెక్క వేసుకోవాలి.

మహిళలకు ఇచ్చే ఇతర సాయాల్లో కొత్త భర్త ఆదాయం కూడా చూస్తారు. కర్ణాటక గృహలక్ష్మిలో నెలకు 2,000 అందుకునే మహిళ గాని, ఆమె భర్త గాని ఆదాయపు పన్ను కట్టేవారు కాకూడదు. తమిళనాడులో నెలకు 1,000 ఇచ్చే కలైజ్ఞర్ మహళిర్ ఉరిమై తొగైకి, మహారాష్ట్రలో 1,500 ఇచ్చే లాడ్కీ బహీణ్‌కు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. రేషను కార్డులో పేర్లు మార్చే ముందు ఈ లెక్క చూసుకోండి.

విడాకులు తీసుకున్న తల్లి

మాజీ భర్త ఇచ్చే నెలవారీ భరణం వేరు, పిల్లల పోషణ ఖర్చు వేరు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే తన భరణం రద్దు చేయమని ఆయన కోర్టును అడగవచ్చు. పిల్లల పోషణ బాధ్యత మాత్రం కన్నతండ్రికి తప్పదు. విడాకుల ఒప్పందంలో రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా రాస్తే తర్వాత చిక్కు. మొదటి నుంచే విడిగా రాయించుకోవాలి.

పెళ్లి లేకుండా కలిసి ఉంటే

"రిజిస్టరు చేయించకపోతే పెళ్లి కానట్టే కదా" అని కొందరు అంటారు. అది తప్పు. ఆచారప్రకారం జరిగిన హిందూ వివాహం రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది. తమిళనాడులోనైతే 1967 నాటి సవరణ ప్రకారం బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకున్నా అది చట్టబద్ధమైన పెళ్లే.

నిజంగానే పెళ్లి లేకుండా సహజీవనం చేస్తే, 2005 నాటి గృహహింస చట్టం కింద ఆమెకు నివాసం, ఖర్చుల విషయంలో కొంత రక్షణ ఉంది. కాని ఇద్దరూ పెళ్లికి అర్హులై, చాలాకాలం భార్యాభర్తల్లా లోకం ఎదుట జీవించి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అతనికి భార్య ఉంటే ఈ రక్షణ దొరకడం కష్టం. వీలునామా లేకుండా అతను పోతే ఆమెను వారసురాలిగా గుర్తించాలంటే కోర్టులో పోరాడాలి. మొదటి భర్త పెన్షను నిలుపుకోవాలని ఈ దారి పట్టినవారు, రేపు కలిసి ఉన్న ఇంట్లో తమకు ఏ హక్కు ఉంటుందో ముందే ఆలోచించుకోవాలి.

పిల్లలకు నిజమైన ప్రమాదం ఇక్కడ

హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా పోతుంది. మొదటి భర్త నుంచి వచ్చిన ఇంటికీ, పిల్లలున్నప్పుడు ఇదే సూత్రం. ఇద్దరు పిల్లలుంటే కన్నతండ్రి ఇంటిలో తల్లి వాటాలో మూడో వంతు కొత్త భర్తకు వెళుతుంది. మరోవైపు, మారుతండ్రి దత్తత తీసుకోకుండా, వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో ఈ పిల్లలకు ఏమీ రాదు.

దీనికి మందు వీలునామా ఒక్కటే. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. మన క్రైస్తవ కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి: వారి విషయంలో పెళ్లితోనే పాత వీలునామా రద్దవుతుంది, మళ్లీ రాయాలి.

ముహూర్తానికి ముందు చేయవలసినవి

మొదటి భర్త మరణ ధృవపత్రం, వారసత్వ ధృవపత్రం, పెన్షను ఉత్తర్వు, పిల్లల జనన ధృవపత్రాలు ఒకచోట చేర్చండి. పిల్లల ధృవపత్రాల్లో కన్నతండ్రి పేరు ఉండాలి. పెన్షను పిల్లలకు మారేది ఆ పేరుతోనే.

ఇల్లు, పొలం ఇంకా పోయినాయన పేరనే ఉంటే పెళ్లికి ముందే ఆమె పేర, పిల్లల పేర మార్పించండి. తర్వాత అత్తవారి సంతకాలు దొరకడం కష్టం.

పిల్లల పేర విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. పిల్లలకు రావలసిన డబ్బును కొత్త ఇంటి ఖర్చులతో కలపకండి.

పెళ్లయిన వెంటనే బ్యాంకుకు, పెన్షను కార్యాలయానికి ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆమె ఉద్యోగి అయితే ప్రావిడెంట్ ఫండులో పాత నామినేషను పెళ్లితో చెల్లదు. కొత్తది వేయాలి.

చివరగా, ఈ కాగితాలన్నీ పెళ్లి మాటల్లోనే కొత్త సంబంధం వారి ముందు పెట్టండి. పిల్లల ఆస్తి పిల్లలకే ఉండాలన్న మాటకు నొచ్చుకునేవారైతే ఆ సంగతి ముహూర్తానికి ముందు తెలియడమే మంచిది.