గూడూరు కూడలి, కృష్ణపట్నపు రేవు

మద్రాసు నుండి కలకత్తా పోవు ప్రాచీన మార్గమునందు గూడూరు పేరొందిన మజిలీ. ఆ మార్గమునే నేడు 16వ నంబరు జాతీయ రహదారి యనుచున్నారు. 1891 నాటికే కాట్పాడి నుండి మీటరు గేజి రైలు ఈ ఊరికి వచ్చుచుండెను. 1899లో మద్రాసు, బెజవాడల నడుమ పెద్ద దారి పూర్తియైనది. రెండు కొలతల పట్టాలు ఇచట కలిసికొనుటచే ఒక బండి సరకు మరియొక బండికి మార్చవలసివచ్చెడిది. చుట్టుపట్ల గనుల అభ్రకము, తోటల నిమ్మకాయలు గూడూరి పేరును దూరదేశములకు మోసికొనిపోయినవి.

మేము ఆ స్టేషనులో నిలిచి చూచితిమి. ఉత్తరమునకు, దక్షిణమునకు, పడమరకు పట్టాలున్నవి. సముద్రము అంత చేరువనున్నను తూర్పునకు మాత్రము లేవు.

ఆ తూర్పుతీరముననే, కండలేరు ఉప్పుటేరు సముద్రమున కలియుచోట, కృష్ణపట్నము కలదు. పూర్వము దీనికి కొల్లితురై యని పేరు. నెల్లూరేలిన తెలుగు చోడుల బిరుదమును బట్టి గండగోపాలపట్టణమనియు వ్యవహరించిరి. తిక్కన సోమయాజికి ఆశ్రయమిచ్చిన మనుమసిద్ధి వంశమువారి రాజ్యమునకు ఇది సముద్రద్వారము. రేవునకు వచ్చిపోవు సరకులపై వర్తకులు కొంత రుసుమును దేవాలయమునకు కేటాయించినట్లు ఇచటి శాసనము తెలుపుచున్నది. ఇట్టి రేవును రైలు ఏల విడిచినది? ఆ రైలు రాజధానీనగరములను కలుపుటకు పుట్టినదే గాని చిన్న రేవులను పోషించుటకు పుట్టినది కాదని మా యభిప్రాయము.

ఊరికి మిగిలినది బకింగుహాము కాలువ. 1806లో మద్రాసు వద్ద మొదలైన ఈ జలమార్గము క్రమముగా ఉత్తరమునకు సాగినది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు నగరమున కొంత భాగమును కరువు పనిగా త్రవ్వించిరి. కాలువకు ఆనాటి గవర్నరు పేరు పెట్టిరి; త్రవ్విన చేతుల పేర్లు ఎవరును వ్రాసియుంచలేదు. ఉప్పు, ధాన్యము, వంటచెరకు పడవలలో మద్రాసు చేరుచుండెను. రైలు కొంత, లారీలు కొంత ఆ బేరమును హరించినవి. పూడిక తీయు దిక్కులేక పడవలు నిలిచిపోయినవి.

రేవు మరల మేల్కొన్నది 2008లో. ఆ యేడే కొత్త రేవు ప్రారంభమైనది. వెంకటాచలము నుండి పట్టాలు సముద్రపుటొడ్డునకు చేరినవి. శతాబ్దమునకు మించి ఆలస్యమైన ఆ దారి పొడవు సుమారు 20 కిలోమీటర్లు మాత్రమే! ఇప్పుడు బొగ్గు గుట్టలు ఇసుక తిన్నెలకంటె ఎత్తుగా కనబడుచున్నవి. ఆ దుమ్ము నడుమనే జాలరులు తమ వలలు ఆరవేసికొనవలె.

పిమ్మట 2019 సెప్టెంబరు 1న వెంకటాచలము నుండి ఓబులవారిపల్లెకు మరియొక దారి తెరచిరి. చెర్లోపల్లి, రాపూరు స్టేషనుల నడుమ వెలిగొండలను తొలిచి, సుమారు ఆరున్నర కిలోమీటర్ల సొరంగము చేసిరి. పడమటి జిల్లాల సరకులు పూర్వము రేణిగుంట మీదుగా గూడూరు వచ్చి, ఉత్తరమునకు మరలి రేవు చేరవలసియుండెను. నేడు రేవు బండ్లు వెంకటాచలమునుండి తిన్నగా కొండలలోనికి పోవుచున్నవి. వానికి గూడూరుతో పని లేదు.