పేరొకరిది, పెత్తనమొకరిది

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున కృష్ణాతీరమందలి విజయపురిలో మహాచైత్యమునకు ఆయక స్తంభములను నిలిపించిన శాంతిశ్రీ, ఇక్ష్వాకురాజగు శాంతమూలుని సోదరియు వీరపురుషదత్తునకు అత్తయు నగుటచేత ఆమె దానశక్తి మన కంతగా ఆశ్చర్యము గొలుపదు. కాని అదే నాగార్జునకొండ లోయలో రాణియు రాచకూతురును గాని బోధిశ్రీ యను ఉపాసిక చైత్యగృహమును కట్టించి, పలుతావుల తాను చేయించిన నిర్మాణములను వరుసగా శాసనమున చెక్కించినది. వేయేండ్ల పిమ్మట కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారము చెరువు నేటికిని పొలములకు నీరందించుచున్నది. ఇట్టి శాసనములను చూపి, పూర్వకాలమున తెలుగు స్త్రీలు ఆస్తికి సంపూర్ణాధికారిణులై యుండిరని గర్వించువారు కలరు. ఈ శాసనముల వలన ధనము స్త్రీచేతికి వచ్చెనని తెలియును; ఆ ధనమును గూర్చి ఆ యింట చివరిమాట యెవరిదో వానినిబట్టి నిర్ణయింపరాదు. ఇచ్చినది దేవునికైనచో ఏ గృహస్థు అడ్డుచెప్పును?

ధర్మశాస్త్రకారులు ఈ భేదమును బాగుగ ఎఱుగుదురు. అగ్నిసాక్షిగా ఇచ్చినది, అత్తవారింటికి సాగనంపునప్పుడు ఇచ్చినది, తల్లిదండ్రులును సోదరులును ప్రీతితో ఇచ్చినది స్త్రీధనమని చెప్పి, దానిపై భర్తకు హక్కు లేదనిరి. అనిన వెంటనే, దుర్భిక్షమున, ధర్మకార్యమునకు, వ్యాధియందు, నిర్బంధమున తీసికొన్నచో భర్త తిరిగి ఈయనక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయింపు పెట్టెను. కరవును రోగమును ఎఱుగని సంసార మేది? కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని ఆస్థానమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు మాత్రము ఉదారుడై, వారసత్వముగా వచ్చినదియు, కొన్నదియు, పంపకమున దక్కినదియు స్త్రీధనమే యని వ్యాఖ్యానించెను. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన ఆ శాస్త్రమును తెనిగించెను.

ఈ యౌదార్యమునకు గండికొట్టినది ఆంగ్లేయుల న్యాయస్థానము. భర్తనుండి స్త్రీకి సంక్రమించిన ఆస్తి స్త్రీధనము గాదని 1867లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. ఆనాడు మగసంతానము లేక, అన్నదమ్ములతో వేరుపడి గతించినవాని భార్య అతని పొలమును జీవితాంతము అనుభవింపవచ్చును, ఫలసాయ మామెదే, ఆమె తరువాత అది ఆమె వారసులకు గాక భర్త వారసులకు చేరవలెను. ఉమ్మడి కుటుంబమున భర్త పోయినచో ఆ పాటి భాగ్యమును లేదు, మనోవర్తి మాత్రమే.

భర్త పొలము అట్లు సంక్రమించిన వితంతువు ఒక యెకరము అమ్మదలచినచో దస్తావేజు వ్రాయువాడు మొదట అడుగునది కారణము. ధర యెంతయను ప్రశ్న ఆ తరువాతిది. భర్త చేసిన అప్పు, ఆడపిల్ల పెండ్లి, సర్కారు శిస్తు, శ్రాద్ధకర్మ, వీనిలో ఏదో యొకటి పత్రమున కెక్కవలెను. ఎక్కకున్నచో ఆమె కన్నుమూసిన పిదప దాయాదులు కోర్టుకెక్కి ఆ క్రయము చెల్లదని వాదింతురు గనుక, తెలివిగల కొనుగోలుదారు ఆ దాయాదులచేతనే సాక్షిసంతకములు చేయించుకొనెడివాడు. వారు ఊరక సంతకము పెట్టువారా? వేలిముద్ర ఆమెది, పొలము ఆమె యనుభవమున నున్నది, అమ్ముటయా మానుటయా అను తీర్మానము మఱిదిది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించిరి గదా. అట్టి వివాహములకు అనుమతి నిచ్చిన 1856 నాటి చట్టమే, మరల పెండ్లాడినదానికి మొదటి భర్త ఆస్తిపై నున్న హక్కును తొలగించియుండెను. పెండ్లికొడుకు దొరకుటయే యరుదైన కాలమున, పొలమునకు నీళ్లు వదలుకొని పీటలమీద కూర్చుండవలసివచ్చినది.

పుట్టింటివారు కూతునకు పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన భూమి స్థితి వేఱు. అది శుద్ధ స్త్రీధనము. అమ్ముకొనుటకైన నెవరి యనుమతియు నక్కఱలేదని శాస్త్రము. అయినను కౌలు మాటలాడునది అల్లుడు, ధాన్యము కొలిపించుకొనునది అల్లుడు. ఇల్లాలికి ఆ భూమి యే గట్టు ప్రక్క నున్నదో తెలియని సంసారము లెన్నియో! ఇల్లరికము మఱియు విచిత్రము. రెడ్డి, కమ్మ కుటుంబములలో కొడుకులు లేని యింట కూతుని అట్టిపెట్టుకొని, అల్లుని దెచ్చుకొన్నచో, ఆ మామగారి ఆస్తి అల్లునికే కొడుకువలె చెందునని మదరాసు హైకోర్టు ఆచారమును బట్టి అంగీకరించెను. తండ్రి సొత్తు తనయింటనే యుండియు కూతునకు గాక పొరుగూరినుండి వచ్చినవానికి దక్కెను.

1937 నాటి చట్టము వితంతువునకు కొడుకుతో సమానముగ వాటా నిచ్చినది గాని అదియు పరిమితహక్కే. పైగా వ్యవసాయభూమికి అది వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పగా, మదరాసు రాష్ట్రము 1947లో వేఱుగ చట్టము చేయవలసివచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, స్త్రీ స్వాధీనమందున్న ఆస్తి ఆమెకు సంపూర్ణముగ చెందునని శాసించినది. ఆ వాక్యబలము తేలినది ఒక తెలుగు వితంతువు వ్యాజ్యమున: మనోవర్తికి బదులుగ 1949లో రాజీపత్రము వలన దక్కిన పొలమును ఆమె కొంత కౌలుకిచ్చి కొంత అమ్మగా, మఱిది నెల్లూరు మున్సిఫు కోర్టున దావా వేసెను, 1977లో సుప్రీంకోర్టు ఆ భూమి ఆమెదే యని తీర్చెను. కూతునకు పుట్టుకతోనే సమానవాటా నిచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనను, ఆ తేదీకి ముందు పెండ్లియైనవారిని వెలుపలనే నిలిపినది. ఆ నిబంధన లేని కేంద్రచట్టము 2005లో గాని రాలేదు.

పాఠకులారా, మీ యింటి భోషాణములలో అమ్మమ్మల నాటి దస్తావేజులున్నచో పాఱవేయకుడు. క్రయపత్రమున ఆమె వేలిముద్ర కనబడినచో అక్కడ నిలువక, సొమ్ము ముట్టిన దెవరికి, అది యేయవసరమునకు వినియోగమైనది, సాక్షు లెవరు అను పంక్తులను చదువుడు. ఆ యింటి పెత్తన మెవరి చేత నుండెనో అక్కడ వ్రాసియుండును.