చెరువుల నాటి లెక్క

చెరువు కట్టినవాడు వాననెరిగినవాడు. గట్టు ఎంత యెత్తుండవలెనో, నిండిన నీరు పొరలిపోవుటకు మొరవ ఎంత వెడల్పుండవలెనో మన పూర్వులు తాము చూచిన వానలనుబట్టియే నిర్ణయించిరి. తిరుపతి, పుత్తూరుల నడుమనున్న వడమాలపేట ప్రాంతమున జీవనది లేదు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అటుపిమ్మట డిసెంబరు వరకు ఈశాన్య వానలు: ఇవియే ఇచ్చటి చెరువులకును బావులకును ప్రాణము.

వానలు తప్పినచో నేమగునో 1876–78 నాటి కరవు మద్రాసు రాజధానికంతటికి చూపినది. రాయలసీమ ఆ దెబ్బను మిక్కిలిగా చవిచూచినది. 1875లో ఏర్పడిన భారత వాతావరణశాఖకు 1904లో అధిపతియైన గిల్బర్ట్ వాకర్, గడచిన యేండ్ల లెక్కలనుండి రానున్న వానలను తెలిసికొనుటకు పాటుపడెను. చెరువు కట్టినవారికిని వాకరునకును నిన్నటి వానయే రేపటికి కొలమానము.

ఆ కొలమానమిప్పుడు కదలుచున్నది. బొగ్గు మండగా వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించునని 1896లో స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ లెక్కగట్టెను. 1958లో కీలింగ్ హవాయి దీవిలో కొలువనారంభించినప్పుడు గాలియందు ఆ వాయువు పదిలక్షలకు సుమారు 315 పాళ్లు. 2023 నాటికి 420 దాటినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగ ఆవిరిని పట్టగలదు. అందుచే వాన కురిసినప్పుడు కుండపోతయగును. కురియనప్పుడు నేలతడి త్వరగా ఆరిపోవును. దక్షిణాసియాలో ఋతుపవన వర్షము ఈ శతాబ్దమున మొత్తముమీద పెరుగుననియు, ఏటికేటికి హెచ్చుతగ్గులును పెరుగుననియు 2021 నాటి అంతర్జాతీయ శాస్త్రజ్ఞ నివేదిక తెలిపినది.

ఆ 2021 నవంబరులోనే తిరుపతి పరిసరములు జలమయమైనవి. కృష్ణదేవరాయల కాలము నాటిదని ప్రసిద్ధిగల రాయలచెరువు గట్టునుండి నీరు ఊరగా, దిగువ గ్రామముల వారిని తరలించవలసివచ్చినది. గట్టు నిలిచినది. ఒక్క వానను చూపి ఇది వేడి చేసిన పనియేయని మనము తేల్చరాదు. కాని అట్టి వానకు మన చెరువులు సిద్ధముగ నుండవలెనని మాత్రము తేలినది.

పొగ తగ్గినకొలది ఈ మార్పును తగ్గును. అది లోకమంతయు కలసి చేయవలసిన పని. వరవకాలువలను పూడనీయకుండుట, మొరవకు అడ్డముగ ఇండ్లు లేవనీయకుండుట మన ఊరి పని. మన పెద్దలు తమ కాలపు వానకు తగిన గట్టు కట్టిరి. మన బిడ్డల కాలపు వానకు తగినది మనము కట్టవలెను.