ప్రభుత్వ కార్యాలయాల లాన్ నిర్వహణ: టెండరు వేసే ముందు చూసుకోవాల్సినవి

పట్టణాలకు దగ్గరలో లాన్ గడ్డి, పూలమొక్కలు పెంచే చిన్న రైతులకు మరో ఆదాయ మార్గం ఉంది. ప్రభుత్వ కార్యాలయాలు, మున్సిపల్ పార్కులు, విశ్వవిద్యాలయాలు తమ లాన్ల నిర్వహణను కాంట్రాక్టుకు ఇస్తుంటాయి. గడ్డి కోయడం, కలుపు తీయడం, నీరు, ఎరువు పెట్టడం మీకు తెలిసిన పనులే. కొత్తగా ఉండేవి టెండరు కాగితాలే.

ముందుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. దీనికి ఆధార్, పాన్ కావాలి. ప్రభుత్వ పోర్టల్‌లో ఫీజు ఏమీ ఉండదు, డబ్బు అడిగే సైట్ల జోలికి వెళ్లవద్దు. పంటల సాగు ఉద్యమ్ కిందకు రాదు కాబట్టి లాన్ నిర్వహణ సేవ (కోడ్ 81300) కింద నమోదు చేసుకోవాలి. తర్వాత కేంద్ర కార్యాలయాల పనుల కోసం జెమ్ పోర్టల్‌లో, రాష్ట్ర పనుల కోసం ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో చేరాలి. రెండో దానికి డిజిటల్ సంతకం అవసరం.

2012 నాటి ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలి. ఇందులో 3 శాతం మహిళల సంస్థలకు, 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు కేటాయించారు. ఈ సంస్థలకు ధరావతు మినహాయింపు కూడా ఉంది. అయితే పని దక్కాక కట్టాల్సిన పెర్ఫార్మెన్స్ గ్యారంటీకి ఈ మినహాయింపు వర్తించదు. ఆ సొమ్ము ముందే చూసుకోవాలి. రాష్ట్ర టెండర్లలో నిబంధనలు వేరుగా ఉండవచ్చు.

చాలామంది దెబ్బతినేది ధర వేయడంలోనే. పక్కవాడు ఎంత వేస్తాడోనని ఆలోచించకుండా కూలి లెక్కతో మొదలుపెట్టండి. ముగ్గురు మనుషులు నెలకు 26 రోజులు పనిచేస్తే 78 పనిదినాలు. దాన్ని ఆ ప్రాంతపు కనీస వేతనంతో గుణించి, టెండరు అడిగితే పీఎఫ్, ఈఎస్ఐ కలపాలి. పెట్రోలు, బ్లేడ్లు, ఎరువు ఆ పైన. వానాకాలంలో గడ్డి త్వరగా పెరుగుతుంది, కోతలు ఎక్కువవుతాయి. ఏడాదంతా ఒకే లెక్క వేయకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం నీరు. నీళ్లు కార్యాలయం ఇస్తుందా, మీరే తెచ్చుకోవాలా అన్నది టెండరులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే రాతపూర్వకంగా అడగాలి. బోరు ఉందని రాసి ఉన్నా స్వయంగా వెళ్లి, మే నెలలో ఎంత పోస్తుందో అక్కడి తోటమాలిని అడగండి. గడ్డి ఎండితే మీ ఖర్చుతో మళ్లీ నాటాలనే షరతు ఉంటే, ట్యాంకర్ల ఖర్చుతోనే లాభం పోతుంది.

బిల్లులు ఆలస్యం కావచ్చు. కనీసం మూడు నెలల కూలి డబ్బు చేతిలో ఉంచుకోవాలి. హాజరు పట్టీ, పని ఫొటోలు, అధికారి సంతకం ప్రతి నెలా భద్రపరచాలి. 45 రోజులు దాటినా సొమ్ము రాకపోతే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం కింద వడ్డీతో సహా కోరుతూ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు ఉద్యమ్ నమోదు కాంట్రాక్టుకు ముందే అయి ఉండాలి.

పాత అనుభవం అడిగే టెండర్లే ఎక్కువ. మొదట దగ్గర్లోని ప్రైవేటు పాఠశాల, ఆసుపత్రి లాంటి చోట్ల పని చేసి, పని పూర్తి చేసినట్లు ధ్రువపత్రం తీసుకోండి.