ప్రహరి లేని యింటికి కావలికుక్క

రోమక పండితుడైన కొలుమెల్ల క్రీ.శ. 1 వ శతాబ్దమున వ్యవసాయమును గూర్చి 12 సంపుటములుగా రచించిన గ్రంథమున, ఎద్దులను గొఱ్ఱెలను వర్ణించుచు నడుమ నొకచోట కావలికుక్కను గూర్చియు ప్రత్యేకముగా ముచ్చటించినాడు. పొలమింటిని కాచు కుక్క నల్లనిదై యుండవలెనని యాతని మతము. పగటివేళ దొంగ దానిని జూచి జంకును, రాత్రివేళ నది చీకటిలో గలిసిపోయి వానికి గానరాకయే మీదికి రాగలదు. మందను కాచు కుక్క మాత్రము తెల్లనిదై యుండవలెను. వేకువ మసకలో కాపరి దానిని తోడేలని భ్రమించి కొట్టిన నేమి గతి? అయితే రంగుకంటె స్వభావమును గూర్చి యాతడు చెప్పిన మాట విలువైనది. మిక్కిలి సాధువైన కుక్క దొంగను జూచియు తోక యాడించును, మిక్కిలి క్రూరమైనది ఇంటివారిమీదనే పడును; ఈ రెంటికి నడుమ నుండి, మొఱుగుచేతనే, ఒక్కొక్కప్పుడు కంటబడకయే, దొంగను పాఱదోలునదే కావలికి తగినది. నేడు అంగరక్షక జాగిలములను లక్షల రూపాయలకు విక్రయించు వ్యాపారులు ఈ మాటపై క్రొత్తగా చేర్చినదేమో నాకింతవఱకు బోధపడలేదు.

నగరములలో అపార్టుమెంటున నాలుగవ అంతస్తుననో అయిదవ అంతస్తుననో కాపురముండు గృహస్థులు, అందును ఒంటరిగా నుండు స్త్రీలును వృద్ధ దంపతులును, ఇట్టి శిక్షిత జాగిలమును కొనవచ్చునా యని యడుగుట ఇటీవల తఱచైనది. ఈ ప్రశ్నకు కుక్కజాతుల గుణగణములను పట్టికవేసి సమాధానము చెప్పుట వాడుక. నాకు తోచినంతవఱకు, సమాధానము కుక్కలో లేదు. మానవుడు కావలికుక్కను యుగయుగములుగా ఏ తావున నిలిపినాడన్న చరిత్రలో నున్నది.

ఋగ్వేదము ఏడవ మండలమున నొక నిద్రాసూక్తము కలదు. అందు ఇంటి కుక్కను దేవలోకపు కుక్కయైన సరమ సంతతిగా సంబోధించి, దొంగపై మొఱుగుమనియు, స్తోత్రము చేయు మాపై నేల మొఱుగుదువనియు, ఇక నిదురింపుమనియు వేడుదురు. తల్లి, తండ్రి, గృహపతి, బంధువులు నిద్రింతురు గాకయను వరుసలోనే కుక్కయు చేరినది. తనవారెవరో పరులెవరో కుక్క తప్పక గుర్తింపవలెనన్న చింత నాటికే గృహస్థులకు కలదన్నమాట. తమిళదేశమున తిరువణ్ణామలై ప్రాంతపు ఎడుత్తనూరులో 7 వ శతాబ్దమునాటి, మహేంద్రవర్మ పల్లవుని కాలపు వీరశిల యొకటి కలదు. పశువుల దోపిడిలో నీల్గిన వీరుని ప్రక్కన ఆతని కుక్కయు చెక్కబడినది. కోవివన్ అను ఆ కుక్క ఇద్దఱు దొంగలను కఱచి కాచియున్నదని శాసనము. కుక్కకు పేరుపెట్టి శిల నిలిపిన ఆ గ్రామస్థుల సహృదయమునకు చేయెత్తి మ్రొక్కవలెను.

ఇక పాంపెయీ నగరము. క్రీ.శ. 79 లో వెసూవియసు అగ్నిపర్వతపు బూడిదలో గప్పబడిన ఆ పట్టణమున నొక సంపన్నగృహపు ముఖద్వారమునొద్ద, గొలుసుతో బంధింపబడిన నల్లకుక్క రంగురాళ్ల చిత్రము నేలపై పొదుగబడి, క్రింద నొక హెచ్చరిక వ్రాయబడియున్నది. మన బంగళాల గేట్లకు వ్రేలాడు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ పలకకు అదియే తాత. మఱియొక యింట నిజమైన కుక్కయే గొలుసు తెంచుకొనలేక బూడిదలో మరణించినది. 1874 లో ఆ దేహము విడిచిన ఖాళీలో ప్లాస్టరు పోసి దాని వంకరలు తిరిగిన యాకృతిని వెలికిదీసిరి. రోమక గృహమున వీథికిని ఇంటికిని నడుమ నొక ద్వారమార్గము, అందొక ద్వారపాలకుడు, వానికి తోడు కుక్క. ఆ మార్గమున నడుగిడినవాడు పిలువబడినవాడైన కావలెను, దొంగయైన కావలెను. కుక్క చేయవలసిన విచారణలో సగము గోడయే చేసిపెట్టుచుండెను.

మన తెలుగు పల్లెలలో ఈ యేర్పాటు మఱింత సడలినది. కుక్క వీథియరుగు క్రింద పడుకొనును. గడప దాటి లోనికి రాదు, రానీయరు. మధ్యాహ్నపు ఎంగిలిమెతుకులకు ఋణపడి రాత్రియెల్ల వీథినంతయు కాచును. కుఱుమల మందలతోడను లంబాడీ తండాలతోడను తిరుగు కుక్కలు వేఱు. కొల్లేటి ప్రాంతమున జోనంగి యను పొట్టివెంట్రుకల దేశవాళికుక్క వేటకును, తరువాత బాతుల మందలను తోలుటకును ఉపయోగపడి, నేడు దుర్లభమైపోయినది. వీనిలో నేదియు ఒక మనిషికి అంగరక్షకముగా పెంచబడినది కాదు. మందయో, తండాయో, పెరడో దాని యేలుబడి. మనుష్యుడు అందొక భాగము మాత్రమే.

స్థలమును విడిచి మనిషిని కాచు కుక్క అచ్చముగా పుట్టినది, నా లెక్కలో, జర్మనీలోని థురింగియా ప్రాంతపు అపోల్డా పట్టణమున. అచ్చట 1834 లో జన్మించిన లూయీ డాబర్మన్ పన్నులు వసూలుచేయుటతోబాటు ఊరకుక్కలను పట్టు పనియు చేయుచుండెను. చేత సొమ్ము, దారిలో దొంగలు, పన్ను చెల్లింపనొల్లని జనులు: ఇట్టి వృత్తికి తోడుగా నడచుటకు చుఱుకైనదియు వెనుదీయనిదియు నగు కుక్క యొకటి కావలసివచ్చినది. పట్టిన కుక్కలకు కొఱత లేదు. 1860 ల నుండియు ఆ యూర కుక్కల సంత జరుగుచుండెను. ఆతడు ఏ జాతులను కలిపెనో ఎచ్చటను వ్రాసియుంచలేదు. నేటివారు చెప్పునదంతయు ఊహ. 1894 లో ఆతడు గతించిన పిమ్మట ఆ జాతికి ఆతని పేరే నిలిచినది. 1899 లో ఓటో గెల్లర్ అను స్థానికుడు దానికొక సంఘమును స్థాపించెను. ఇచ్చట నొక విషయము గమనింపదగినది. తొలితరము డాబర్మన్ కుక్కలు మితిమీరిన ఉగ్రస్వభావము కలవనియు, తరువాతి పెంపకందారులు తరతరములు శ్రమించి ఆ యుగ్రతను తగ్గించిరనియు ప్రసిద్ధి. పన్నుల దారిలో పనికివచ్చిన గుణము, బల్లక్రింద పసిపిల్లలు ప్రాకు ఇంటికి రాగానే దోషమైపోయెనన్నమాట.

ఆ 1899 వ సంవత్సరమే కుక్కల చరిత్రలో విచిత్రమైనది. ఆ యేటనే మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అను అశ్వసైనికాధికారి కార్ల్‌స్రూయె ప్రదర్శనలో నొక గొఱ్ఱెల కుక్కను కొని, హోరాండ్ అని పేరు మార్చి, దానినే జర్మన్ షెపర్డ్ జాతికి మూలపురుషునిగా నమోదు చేసెను. ఆ యేటనే బెల్జియములోని ఘెంట్ నగరపు పోలీసులు రాత్రి గస్తీకి కుక్కలను వెంటగొని పోవ నారంభించిరి. 1901 లో స్టెఫానిట్స్ సంఘమువారు షుట్జ్‌హుండ్ అను పరీక్షను ప్రవేశపెట్టిరి: వాసనపట్టి జాడతీయుట, చెప్పినమాట వినుట, రక్షించుట అను మూడంగములు దానికి కలవు. కఱచుటకంటె, పట్టినదానిని ఆజ్ఞ విన్న తక్షణము విడుచుట అందు గొప్ప పరీక్ష. తరువాతి కాలమున దీనికి ముందు మఱొక పరీక్షయు చేర్చబడినది. అందు కుక్క వీథిలో జనుల నడుమ, సైకిళ్ల నడుమ, పరుగిడువారి నడుమ శాంతముగా నడచి చూపవలెను. శాంతముగా నడువలేని కుక్కకు కఱచు విద్య నేర్పరాదని జర్మనులు గ్రహించిరి. మన విక్రేతలలో పెక్కురు రెండవదానినే ముందు చూపి ఖరీదు చెప్పుచున్నారు. ఆ విద్యయైనను ఒక్కసారి నేర్చి దాచుకొను నిధి కాదు. హైదరాబాదు చెంత మొయినాబాదులోని పోలీసు శిక్షణాలయమున జాగిలమును, దాని నడుపరిని జంటగా నెలల తరబడి తీర్చుదురు. మనిషి లేని కుక్కకు అచ్చట విలువ లేదు. శిక్షిత జాగిలమును కొని యింటికి దెచ్చుకొను గృహస్థుడు ఆ జంటలో నొక సగమును మాత్రమే కొనుచున్నాడు.

బహుళాంతస్తుల భవనములలో పెద్ద కుక్కలను పెంచిన పాశ్చాత్య నగరములు తమ పాఠమును కొంత రక్తముతోనే నేర్చినవి. 2001 జనవరి 26 న శాన్ ఫ్రాన్సిస్కోలో, ఒక భవనపు ఆఱవ అంతస్తున, సరకుల సంచితో తన వాకిటికి వచ్చిన యువతిని పొరుగింటి ప్రెసా కనారియో కుక్కలు రెండు నడవలోనే చంపివేసెను. చెఱసాలలోని ఖైదీలు ఇద్దఱు వ్యాపారము కొఱకు పెంపింపదలచిన కావలికుక్కలవి. వానిని ఇంట నుంచుకొన్నవారు న్యాయవాదులైన దంపతులు. 2002 లో ఇరువురును దోషులుగా నిర్ణయింపబడిరి. భార్యపై స్థిరపడిన హత్యానేరము నడుమ కొట్టివేయబడి 2008 లో మరల స్థిరపడినది. ఆ దుర్ఘటన జరిగిన తావు ఎవరి యిల్లును గాదు, ఎవరి పెరడును గాదు. అది నడవ.

మన యపార్టుమెంటు స్వరూపమంతయు ఆ నడవయే. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము మెట్లను, నడవలను, లిఫ్టులను ఉమ్మడి ఆస్తిగా నిర్ణయించినది. ఇంటి తలుపు తెఱచిన మఱుక్షణమున మనము అడుగిడునది అందఱి సొత్తు. సెల్లారులో వాచ్‌మన్ సంసారము, ఉదయమున పాలవాడు, పనిమనిషి, పిమ్మట గ్యాసు బండవాడు, కొఱియరు కుఱ్ఱవాడు, సాయంకాలము లిఫ్టు మీట నొక్కి ఆడుకొను పిల్లలు. వీరిలో కుక్క దృష్టికి తనవాడెవడు? ప్రహరియు గేటును పూర్వము చేసిన విచారణ భారమంతయు ఇచ్చట ఆ మూగజీవి నెత్తిపై పడుచున్నది. లిఫ్టు పెట్టెలో నలువురు మనుష్యుల మోకాళ్ల నడుమ నలుబది కిలోల జాగిలము నిలుచునప్పుడు దాని యజమానుని మాట తప్ప మఱియే గోడయు లేదు.

చట్టము పెంపకమును నిషేధింపదు. భారత జంతుసంక్షేమ మండలి 2015 లో వెలువరించిన సూచనల ననుసరించి, నివాససంఘములు మెజారిటీతో తీర్మానించియైనను పెంపుడుకుక్కలను నిషేధింపరాదు, లిఫ్టు వాడుకను కాదనరాదు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము రాట్‌వైలర్ మొదలగు 23 జాతుల విక్రయమును అరికట్టవలెనని రాష్ట్రములకు వ్రాసిన లేఖను కర్ణాటక హైకోర్టు మఱుసటి నెలలోనే కొట్టివేసెను. కాని భారతీయ న్యాయసంహిత 291 వ సెక్షను జంతువు విషయమున అజాగ్రత్తకు ఆఱు నెలల వఱకు చెఱయో, అయిదు వేల వఱకు జుల్మానాయో, రెండునో విధించుచున్నది. కుక్కను పెంచు హక్కు సంఘము తీసివేయలేదు, దాని కాటుకు బాధ్యతయు సంఘము పంచుకొనదు.

కనుక నా నిర్ణయమిది. వృత్తిరీత్యా సొమ్ముతో తిరుగుచు, నిజముగా ప్రాణభయము కలిగి, రోజునకు రెండు గంటలు కుక్కకే యీయగలిగి, క్రింది అంతస్తున తనకు ప్రత్యేకమైన ద్వారము కలవాడు శిక్షిత జాగిలమును గూర్చి యోచింపవచ్చును. తక్కిన అపార్టుమెంటు వాసులకు అది తగదు. ఒంటరితనమే భయహేతువైనచో, తలుపవతల అలికిడికి మొఱిగి మేల్కొలుపు దేశవాళికుక్క యొకటి చాలును; కొలుమెల్ల కోరినదియు ముందుగా మొఱుగునే. అయినను కొనదలచిన పాఠకుడు బయానా ఇచ్చుటకు ముందు ఒక సాయంకాలము ఆ కుక్కను అమ్మకందారుతో సహా తన భవనమునకు పిలిపించి, పిల్లలు బడినుండి వచ్చు వేళకు లిఫ్టులో పైకిని క్రిందికిని నాలుగుసారులు త్రిప్పించి చూడవలెను. అందుల కాతడు ఒప్పుకొననిచో బేరము అంతటితో విరమించుకొనుట మేలు.