టారోలో కత్తుల కార్డు వచ్చిందా? కంగారొద్దు.. అది మన ‘ఇస్పేటే’!

టారో వీడియోల్లో కత్తుల కార్డు రాగానే చాలామందికి గుండె జారిపోతుంది. కానీ ఇది మనకు కొత్తేం కాదు. వేటపాలెంలో అయినా, హైదరాబాద్‌లో అయినా పేకముక్కల్లో చూసే ‘ఇస్పేటు’, ఇంగ్లిష్‌ ‘స్పేడ్‌’ ఒకటే. దాని మూలం ఇటాలియన్‌ ‘స్పాడా’. అంటే కత్తి!

టారో కూడా 15వ శతాబ్దంలో ఇటలీలో పేకాటగానే మొదలైంది. జోస్యంగా పేరొచ్చింది 18వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్‌లో. మొత్తం 78 కార్డుల్లో కత్తులవి 14. ఆసు నుంచి పది దాకా, తర్వాత పేజ్‌, నైట్‌, రాణి, రాజు. మన పేకలో లేనిది గుర్రమెక్కిన ఆ నైట్‌ ఒక్కడే.

టారో చెప్పేవాళ్ల లెక్కలో కత్తి అంటే ఆలోచన, మాట, గొడవ. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి 1909 నాటి రైడర్‌ వెయిట్‌ సెట్‌కు పమేలా కోల్‌మన్‌ స్మిత్‌ వేసిన బొమ్మలే. మూడు కత్తులు గుచ్చుకున్న గుండె ఉంటే మనసు విరగడం. తొమ్మిది కత్తుల కింద మంచం మీద మొహం కప్పుకున్న మనిషి ఉంటే నిద్రపట్టని దిగులు.

అందరూ హడలిపోయేది మాత్రం పదికే. వీపులో పది కత్తులతో పడి ఉన్న మనిషి మరి! అయినా దాన్ని చావుగా చెప్పరు, ఒక కష్టం చివరికొచ్చిందని చెబుతారు. బొమ్మలో దూరంగా వెలుగు కూడా ఉంటుంది, జూమ్‌ చేసి చూడండి. అసలు టారోకు శాస్త్రీయ ఆధారమే లేదు. ఈ కార్డు చూపించి ‘ఇంట్లో చావుంది, పరిహారానికి డబ్బులు పంపండి’ అంటే కాల్‌ కట్‌ చేసేయండి.