గనిలో మొదలై కాకినాడలో ముగిసిన ఒక ప్రశ్న



పోయిన ఏడాది మన సంఘంలో ఒక పెద్దమనిషి ప్రభువునందు నిద్రించారు. ముప్పై ఏళ్ళకు పైగా బాయి పని చేసిన మనిషి. ఆయన కొడుకు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నాన్న కళ్ళు దానం చేద్దామనుకుంటున్నాం. ఆరు గంటల్లోపే తీయాలట. మీరొక మాట చెబితే ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు" అన్నాడు. కళ్ళు లేకుండా సమాధి చేస్తే పునరుత్థాన దినాన ప్రభువును ఎలా చూస్తాడని అప్పటికే కొందరు పెద్దలు అంటున్నారు. జవాబు నాకు తెలుసు. అయినా చావింట్లో మాటా మాటా పెరగడం ఎందుకని ఊరుకున్నాను. ఆ ఆరు గంటలు గడిచిపోయాయి.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక అతను నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "కన్ను లేకపోతే మనిషిని లేపలేడా దేవుడు? అసలు సైన్సు చదివినవాడు చావు తర్వాత బతుకు ఉందని నమ్మొచ్చా?"

ఆ రోజు నేను రెండు జవాబులు చెప్పాను. రెండూ నిలబడలేదు.

మొదటిది, ఆత్మ బరువు 21 గ్రాములని అమెరికా డాక్టరు ఒకాయన తూచి చూపించాడన్న మాట. ఎన్నో ప్రసంగాల్లో విన్నాను, నేనూ చెప్పాను. అతను ఫోను తీసి అసలు సంగతి చూపించాడు. డంకన్ మెక్‌డూగల్ అనే ఆ డాక్టరు 1907లో ప్రచురించింది ఆరుగురి లెక్క మాత్రమే. అందులో ఇద్దరి లెక్క ఆయనే పక్కన పెట్టాడు. 21 గ్రాములు తేలింది ఒక్క మనిషి దగ్గరే.

రెండోది, శక్తి నశించదు కాబట్టి ఆత్మ కూడా నశించదన్న మాట. దీనికి మన బొగ్గే జవాబు. పాతిక కోట్ల ఏళ్ళకు ముందు ఈ గోదావరి లోయలో పెరిగిన చెట్లు ఎండను పట్టుకున్నాయి. అవి నేలలో పూడి బొగ్గయ్యాయి. ఆ ఎండే ఈ రోజు జైపూర్ పవర్ ప్లాంటు బాయిలర్లో మంటగా బయటికొస్తోంది. శక్తి నశించలేదు, నిజమే. కానీ ఆ చెట్టు, ఆ ఆకు తిరిగి రాలేదు. శక్తి మిగలడం వేరు, మనిషి మిగలడం వేరు.

సిగ్గుపడి చదవడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికింది ఒక తండ్రీకొడుకుల చరిత్ర.

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్. 1860లో ఎడిన్‌బరోలో పుట్టిన శాస్త్రవేత్త. గనుల్లో పేలుళ్ళు జరిగితే కార్మికులు దేనివల్ల చనిపోతున్నారో తేల్చినవాడు. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలి 57 మంది చనిపోతే అక్కడికి వెళ్ళి శవాలను పరీక్షించాడు. ఎక్కువ మందిని చంపింది పేలుడు దెబ్బ కాదు, తర్వాత కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడ్ అని చూపించాడు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మనిషిని చంపేంత ఉన్నా చేతిలోని దీపం మామూలుగానే వెలుగుతుంది. అందుకే చిన్న ప్రాణులను లోపలికి తీసుకెళ్ళమన్నాడు. గనిలోకి కెనరీ పిట్టలు వచ్చింది అలాగే.

కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్. చిన్నప్పుడే తండ్రి వెంట గనిలోకి దిగాడు. ఒక చోట తండ్రి అతన్ని నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. కాసేపటికే పిల్లవాడికి ఆయాసం వచ్చి, కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. కింద గాలి బాగానే ఉంది. మీథేన్ తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుందని అలా నేర్చుకున్నాడు. మన సర్దార్లు సేఫ్టీ లాంపును పైకెత్తి చూసేది కూడా ఇందుకే.

ఒకే ఇల్లు, ఒకే విద్య. అయినా ఇద్దరూ రెండు దారుల్లో వెళ్ళారు. ప్రాణాన్ని, మనసును కేవలం యంత్రంగా వివరించలేమని తండ్రి జీవితాంతం వాదించాడు. అయితే మనలా సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పినవాడు కాడు గనుక ఆయన్ని మన పక్షాన లాక్కోవడం న్యాయం కాదు. కొడుకు నాస్తికుడు, కమ్యూనిస్టు. తాను చనిపోయాక తన వ్యక్తిత్వం మిగలదనే అనుకున్నాడు. అయినా 1927లో అచ్చయిన వ్యాసంలో ఒక చిక్కు ఒప్పుకున్నాడు. నా ఆలోచనలన్నీ మెదడులోని అణువుల కదలికలే అయితే అవి నిజమని నమ్మడానికి కారణం ఏమిటి? అది కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే కదా? 1954లో ఆ వాదన తప్పని ఆయనే ప్రకటించాడు. మొదటి మాట మాత్రం పట్టుకుని రెండోది దాచిపెట్టే బోధకులు ఉన్నారు. మనం అలా చేయవద్దు.

ఈ కొడుకు 1957లో భారతదేశానికి వచ్చాడు, తర్వాత ఇక్కడి పౌరుడయ్యాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన శిష్యుడు. చివరికి హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కేన్సరుతో చనిపోయాడు. ఆయన తన దేహాన్ని ఇచ్చింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. చనిపోయాక తాను ఉన్నా, లేకపోయినా ఈ దేహంతో తనకు పని లేదనీ, ఇతరులకు పనికి రావాలనీ వీలునామాలో రాశాడు.

"ఉన్నా, లేకపోయినా." ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉండనని తన మనసులో అనుకున్న మనిషి కూడా, కాగితం మీద తనకు తెలిసినంత మేరకే రాశాడు.

ఇప్పుడు ఆ కొడుకు ప్రశ్నకు జవాబు ఇలా చెబుతాను. సైన్సు మన సర్దారు చేతిలోని దీపం లాంటిది. మీథేన్ ఉంటే ఆ దీపం చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ గురించి ఏమీ చెప్పదు. దీపం చెప్పలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనడం తొందరపాటు. దీపం చూపని దాన్ని చూపించిందనడం అబద్ధం. 21 గ్రాముల కథ చెప్పినప్పుడు నేను చేసింది ఆ రెండోదే. మెదడు ఆగితే తలంపు ఆగడం సైన్సుకు కనబడుతుంది, దాన్ని మనం కాదనకూడదు. ఆ తలంపు కలిగిన మనిషిని దేవుడు జ్ఞాపకం ఉంచుకుని లేపుతాడా అన్నది కొలిచి తేల్చే సంగతి కాదు. అది వాగ్దానం. వాగ్దానాన్ని నమ్మేది, ఇచ్చినవాణ్ణి చూసి.

యోబు గ్రంథం 28వ అధ్యాయం చదవండి. నేల లోపలికి దిగి, చీకటిలో దీపం పెట్టి రాళ్ళు వెదికే మనుషుల గురించి అక్కడ ఉంది. మన తండ్రుల పనే అది. అంత లోతు తవ్వినా జ్ఞానం అక్కడ దొరకలేదని, అది దేవుని దగ్గరే ఉందని ఆ అధ్యాయం చెబుతుంది. 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో పౌలు చూపేది విత్తనం. నేలలో వేసిన గింజ అలాగే తిరిగి రాదు, దేవుడు దానికి కొత్త శరీరం ఇస్తాడు.

మన బెల్టులో ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు వచ్చి 17 మంది చనిపోయారు. దేహం చెక్కుచెదరకుండా ఉంటేనే దేవుడు లేపగలడని బోధిస్తే, గనుల్లో నలిగిపోయిన వాళ్ళ ఇళ్ళకు మనం ఏ ఆదరణ తీసుకెళ్ళగలం?

ఆ కొడుకు దగ్గరకు వెళ్ళి నా మౌనానికి క్షమాపణ అడిగాను. టీ ఇచ్చాడు, ఎక్కువ మాట్లాడలేదు. ఆదివారం ఆరాధనకు ఇంకా రావడం లేదు. అతని కోసం ప్రార్థించండి. నా కోసం కూడా.

ఇకమీదట మీ ఇంట్లో ఎవరైనా కళ్ళు ఇవ్వాలనుకుంటే, పగలైనా రాత్రైనా ఫోను చేయండి. నేను వచ్చి మీ గడప దగ్గర నిలబడి ఇవ్వవచ్చని పెద్దలందరి ముందు చెబుతాను. ఆరు గంటలు గడవకముందే చెబుతాను.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమెన్.